చుక్కలు, గీతలతోనే గేమ్: రాయికీ బోటుకీ తేడా ఎలా చూపించాలి?

మాది విశాఖ. ఆఫీసు అయ్యాక ఇంట్లో కూర్చుని ఒక్కదాన్నే గోడో (Godot) అనే గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్‌లో ఓ చిన్న గేమ్ చేస్తున్నాను. రాత్రిపూట చేపల బోటును ఫిషింగ్ హార్బర్‌కి క్షేమంగా చేర్చాలి, అంతే. తెరంతా నలుపు. మన బోటు ఒక తెల్ల త్రిభుజం. డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్ వెలుగు సన్నటి గీతలా తిరుగుతుంది. అది తాకినప్పుడే ఏదైనా కనిపిస్తుంది, వెంటనే మళ్లీ చీకటి.

బొమ్మలు తక్కువ ఉండాలన్నది నేను కావాలని పెట్టుకున్న నియమం. 2012లో వచ్చిన ‘థామస్ వాజ్ అలోన్’ అనే గేమ్‌లో పాత్రలన్నీ ఉత్త దీర్ఘచతురస్రాలే. అయినా వాటి మీద మనసు పడుతుంది.

సమస్య ఏంటంటే, ఆడి చూసిన మా తమ్ముడూ వాడి ఫ్రెండ్సూ రాయిని ఇంకో బోటు అనుకుని, అదే తప్పుకుంటుందని నేరుగా వెళ్లి గుద్దేస్తున్నారు. రెండూ చుక్కలే మరి! నిజం బోట్లకి ఎడమవైపు ఎరుపు, కుడివైపు ఆకుపచ్చ దీపాలుంటాయి. అవి పెడదామంటే, ఆ రెండు రంగుల తేడా తెలియనివాళ్లు చాలామంది ఉంటారు, వాళ్లని వదిలేయడం నాకిష్టం లేదు. బోటు చుక్క అలకి ఊగేలా చేశాను కానీ, వెలుగు పడేది రెప్పపాటే కాబట్టి ఆ ఊగడం ఎవరికీ అందట్లేదు. రాయి దగ్గర అలల చప్పుడు పెట్టినా, ఇయర్‌ఫోన్స్ లేకపోతే ఏ వైపో తెలియదు.

వెలుగు దాటాక ఆనవాలు కాసేపు మిగిలేలా చేస్తే టెన్షన్ పోతుందా? రాయి చుట్టూ నురగ గీత గీస్తే సరిపోతుందా? ఇలాంటి గేములు చేసినవాళ్లు దయచేసి చెప్పండి. వైజాగ్‌లోనే ఉంటే బీచ్ రోడ్డులో కలుద్దాం, ఫోన్‌లో ఆడి చూద్దురుగాని.