స్కూబీకి బొచ్చు, టామ్‌కి గీత: ఏది సరైన దారి?

గీతలపంతులు:
ప్రశ్న సూటిగా పెడుతున్నా. కార్టూన్ జంతువుని మనుషుల సినిమాలోకి తెచ్చేటప్పుడు దానికి నిజం బొచ్చు, తడి ముక్కు, గోళ్లు పెట్టాలా? లేక బొమ్మని బొమ్మలాగే వదిలేయాలా? 2002 స్కూబీ-డూ (దర్శకుడు రాజా గోస్నెల్, రచన జేమ్స్ గన్) మొదటి దారి పట్టింది. 2021 టామ్ అండ్ జెర్రీ (దర్శకుడు టిమ్ స్టోరీ) రెండోది పట్టింది. స్కూబీ విషయంలో తప్పు జరిగిందనేది నా వాదన.

కారణం ఆ కుక్క పుట్టుకలోనే ఉంది. 1969లో హన్నా-బార్బెరా కార్టూన్ స్టూడియోలో స్కూబీని గీసిన ఇవావో టకమోటో, ముందు గ్రేట్ డేన్లను పెంచేవాళ్లని అడిగి పోటీల్లో గెలిచే కుక్క ఎలా ఉండాలో తెలుసుకున్నారు. తెలుసుకుని దానికి సరిగ్గా ఎదురు గీశారు. నిటారు వీపు ఉండాల్సిన చోట గూని, తిన్నని కాళ్లకి బదులు దొడ్డికాళ్లు, బలమైన దవడకి బదులు చిన్న గడ్డం. గీతలో ఆ తప్పులే నవ్వు తెప్పిస్తాయి. అదే ఒంటికి వెంట్రుక వెంట్రుకా కనిపించేలా చర్మం తొడిగితే, చూసేవాళ్లకి 'పాపం, దీనికేదో జబ్బు' అనిపిస్తుంది.

ఇంకోటి, మెడపట్టీ. ఆ స్టూడియో టీవీ కార్టూన్లలో యోగి ఎలుగుబంటికి కాలరు, టై ఎందుకు పెట్టారు? ఒంటిని ఒక సెల్ (బొమ్మ గీసే పారదర్శక షీటు) మీద అలాగే ఉంచేసి, తలని మాత్రం ఇంకో సెల్ మీద మార్చుకుంటూ పోవడానికి. అతుకు కాలరు కింద దాక్కుంటుంది. అది ఖర్చు తగ్గించుకునే ఉపాయమే, కానీ వాటి నటన అందులోంచే పుట్టింది. ఒళ్లు బిగుసుకుపోతుంది, తల ఒక్కటే తిరుగుతుంది, కళ్లు రెండుసార్లు ఆర్పుతాయి, ఆ తర్వాతే పరుగు. సీజీ (కంప్యూటర్లో చేసిన) స్కూబీ ఒళ్లు ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది. ఆగడం పోయింది, ఆగడంలోని హాస్యమూ పోయింది.

ప్లేటు_లెక్క:
పంతులు గారూ, ఆగకపోవడం బొచ్చు చేసిన నేరం కాదు. సీజీలో కీలన్నీ బిగించేస్తే బొమ్మ చచ్చిపోయినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే పక్కనే నిజం మనిషి ఊపిరి తీస్తున్నాడు. ఆ భయంతో యానిమేటర్లు అన్నిటినీ కదిపేస్తారు. ఛాతీలో ఊపిరి, ఒక చెవి కొస, అంతే కదిలించి మిగతాదంతా ఆపితే చాలు. అది యానిమేషన్‌లో తీసుకోవాల్సిన నిర్ణయం, చర్మానికి సంబంధం లేదు.

అసలు విషయం తాకిడి. స్కూబీ నేస్తం షాగీ భయపడి దాన్ని వాటేసుకుంటాడు, స్కూబీ షాగీ చేతుల్లోకి దూకుతుంది. కథ నడిచేదే ఈ ఇద్దరి స్నేహం మీద. వాటేసుకోవడం నమ్మించాలంటే ఆ కుక్కకి బరువు, చర్మం కావాలి.

అది ఎలా చేస్తారో చెప్పుకుందాం, ఎక్కడ చెడుతుందో అందులోనే తెలుస్తుంది. కర్రకి బంతి గుచ్చి నటుడిని దాన్ని చూడమంటారని అందరికీ తెలుసు. రిహార్సల్‌లో బంతి పెట్టి టేక్‌లో తీసేస్తేనే చిక్కు. దగ్గరి వస్తువుని చూసేటప్పుడు రెండు కనుగుడ్లూ కాస్త ముక్కు వైపు తిరుగుతాయి. ఖాళీ గాలిని చూడమంటే క్షణాల్లో వెనక గోడ మీదికి జారిపోతాయి. తర్వాత అక్కడ ఎంత మంచి కుక్కని పెట్టినా, నటుడు దాని ఒంట్లోంచి అవతలికి చూస్తున్నట్టే ఉంటుంది. అందుకే బంతి టేక్‌లో కూడా ఉండాలి. దాన్ని చెరపడానికి అదే కెమెరా కదలికతో నటులు లేకుండా ఖాళీ ప్లేటు, అంటే ఉత్త సెట్ షాటు, తీసుకోవాలి. ఎత్తు కూడా ఉజ్జాయింపుగా పెట్టకూడదు. మగ గ్రేట్ డేన్ భుజం దగ్గరే 80 సెంటీమీటర్లు ఉంటుంది, తలెత్తితే కళ్లు ఇంకా పైన. నిలబడితే ఎంత, కూర్చుంటే ఎంత, వెనక్కాళ్ల మీద లేస్తే ఎంత అని కర్ర మీద మూడు టేపు గుర్తులు ఉండాలి.

కౌగిలికి బంతి చాలదు. గాలిని వాటేసుకున్న చేయి బిగుసుకుంటుంది, వేళ్లు తెరుచుకుంటాయి. కుక్క ఛాతీ కొలతకి కోసిన నీలం స్పాంజి దిమ్మ ఇస్తే వేళ్లు దిగబడతాయి, భుజం బరువు మోస్తుంది. ఆ తర్వాత కంప్యూటర్లో నటుడి చేతికి నకలు చేయి తయారుచేసి, ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ అసలు చేతి మీద సరిపెడతారు. కుక్క చర్మాన్ని నొక్కేది ఆ నకలు చేయి. గ్రేట్ డేన్‌ది పొట్టి బొచ్చు కాబట్టి ఇక్కడ వెంట్రుకల కన్నా చర్మం ముడతే ముఖ్యం. వేళ్ల చుట్టూ ముడత, వేళ్ల కింద సన్నని నల్ల నీడ. ఆ నీడ లేకపోతే మిగతా పనంతా వృథా.

చార్మినార్_రీల్:
ప్లేటు అన్నా, నువ్వు చెప్పినవన్నీ కరెక్టే, కానీ అవన్నీ కౌగిలి కోసం. టామ్, జెర్రీల నడుమ కౌగిలి ఎక్కడుంది? దెబ్బలే ఉంటయి. పెనంతోని ముఖం మీద కొడితే ముఖం పెనం లెక్క అయితది. ఫోటోల ఉన్నట్టుండే పిల్లికి అట్ల చేస్తే పిల్లలు నవ్వరు, ఏడుస్తరు. గీతకు నొప్పి ఉండదు. అందుకే గీతతోని ఎంతదూరమైనా పోవచ్చు.

టామ్ అరుపు గుర్తు చేసుకోండ్రి. 1940లల్ల అది టామ్‌ను పుట్టించినోళ్లల్ల ఒకడైన విలియం హన్నా సొంత గొంతు. 2021 సినిమాల కూడా ఆ పాత రికార్డింగులు వాడిన్రు. నాలుక, పండ్లు, మీసాలు అన్నీ నిజంగ ఉన్న పిల్లి నోట్లకెళ్లి ఆ అరుపు వస్తే ఎట్ల ఉంటదో ఊహించుండ్రి. కొట్టింది ఎవరు, పోలీసుకు చెప్పాలె అనిపిస్తది.

ఆ సినిమా ఇంకో మంచి పని చేసింది. న్యూయార్క్ హోటల్ల జరిగే పెళ్లికి ఏనుగులొస్తయి, అవి గూడ గీతలే. జంతువైతే బొమ్మ, మనిషైతే మనిషి. ఒక్కటే రూలు. చిన్న పిల్లగాడు గూడ రెండు నిమిషాలల్ల పట్టుకుంటడు.

పాతరీలు:
ఆ రూలు మాట నిజం. దానికి ఎదురు ఉదాహరణ 2004 గార్ఫీల్డ్. అందులో గార్ఫీల్డ్ ఒక్కటే సీజీ, ఓడీ నిజం కుక్క. ఇద్దరూ ఒకే ఫ్రేమ్‌లోకి వచ్చిన ప్రతిసారీ కన్ను రెండింటినీ పోల్చుకుంటుంది. పోలిక పెట్టుకున్నాక ఓడిపోయేది ఎప్పుడూ బొమ్మే. సీజీ నాణ్యత చెడ్డదని కాదు, పక్కన కొలబద్ద నిలబెట్టారు.

కానీ గీత అంటే తేలిక అనుకోవద్దు. మామూలు కార్టూన్‌లో సెకనుకి 24 ఫ్రేములకి 12 బొమ్మలు గీస్తే సరిపోతుంది, ఒక్కోటి రెండు ఫ్రేములు నిలుస్తుంది. మనుషుల సినిమాలో కెమెరా కదిలితే ఇది కుదరదు. నేల ప్రతి ఫ్రేమ్‌లోనూ జరుగుతుంది, బొమ్మ మాత్రం ఫ్రేమ్ విడిచి ఫ్రేమ్ జరుగుతుంది. ఫలితం, పాదాలు నేల మీద జారి వెనక్కి ఎగిరినట్టు కనిపిస్తాయి. మనుషుల మధ్య గీత కుందేలు తిరిగే 1988 రోజర్ ర్యాబిట్‌లో యానిమేషన్ దర్శకుడు రిచర్డ్ విలియమ్స్ ఫ్రేమ్‌కో బొమ్మ కావాలని పట్టుబట్టింది ఇందుకే. దాని మీద వెలుగు, నీడ పొరలు విడిగా చేసి కలిపారు. ఊగే దీపం కింద కుందేలు ఒంటి మీద నీడ కూడా ఊగుతుంది. ఆ గదిలో ఆ బొమ్మ ఉందని నమ్మించేది ఆ నీడే.

2021లో ఫ్రేమ్‌స్టోర్ అనే ఎఫెక్ట్స్ సంస్థ వాళ్లు టామ్‌ని 3డీలో చేసి చేతిగీతలా కనిపించేలా మలిచారు. అప్పుడు వెలుగు పడటం సులువవుతుంది. కొత్త చిక్కు ఫోకస్. వెనక గోడ మసకబారిన షాట్‌లో నల్లని అంచు గీత కత్తిలా నిలబడితే స్టిక్కర్ అతికించినట్టుంటుంది. గీతని కూడా మసక చేస్తే టామ్ ముఖకవళిక పోతుంది, అతని హాస్యమంతా ఆ కనుబొమల్లోనే ఉంది. దీనికి మందు సెట్‌లోనే ఉంది. లెన్సు కొంచెం వెడల్పుది వేసి, అపర్చరు (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) బిగించి, గదంతా ఫోకస్‌లో ఉంచి తీయడం.

డబ్బింగ్_గది:
ఇంతసేపూ కన్ను గురించే మాట్లాడారు. తెలుగు ప్రేక్షకుడి దగ్గరికి వస్తే చెవి, మూతి కూడా లెక్కలోకి రావాలి.

టీవీ కార్టూన్‌లో మూతికి ఉండేవి కొద్ది ఆకారాలే. తెరిచింది, మూసింది, గుండ్రంది, మరికొన్ని. తెలుగు మాట రెండు అక్షరాలు ఎక్కువైనా సర్దుకుపోతుంది. సీజీ కుక్కకి పెదవులు, పళ్లు, నాలుక అన్నీ ఇంగ్లీషు మాటకి కొలిచి కదిపి ఉంటాయి. ప, బ, మ పలకాలంటే పెదవులు కలవాలి. తెరిచిన నోటి మీద 'బాబోయ్' పడిందా, వెంటనే దొరికిపోతుంది. ఈ లెక్కన డబ్బింగ్‌కి గీతే మేలు.

అయితే స్కూబీ ఒక్కడికి మినహాయింపు. అతని భాషే మనకి సాయం చేస్తుంది. మాట మొదటి అక్షరం స్థానంలో 'ర' పెట్టడం అతని అలవాటు, షాగీని 'రాగీ' అంటాడు. 'ర'కి పెదవులు కలవక్కర్లేదు. కాబట్టి 'అమ్మో' అనాల్సిన చోట 'రమ్మో', 'బాబోయ్' బదులు 'రాబోయ్', 'దెయ్యం' బదులు 'రెయ్యం', 'బిస్కెట్' బదులు 'రిస్కెట్' అనిపిస్తే మూతీ సరిపోతుంది, పాత్రా నిలుస్తుంది. చాలా డబ్బింగుల్లో చేసే తప్పు, గొంతు బొంగురు చేసి మామూలు తెలుగు మాట్లాడించడం. అప్పుడు అది మాట్లాడే కుక్క అవుతుంది, స్కూబీ కాదు. జాగ్రత్త ఒకటే. 'రాగీ' మన చెవికి సంకటిలా వినిపిస్తుంది కాబట్టి, మొదటి రెండు మూడు సార్లు షాగీ 'ఊఁ' అని పలికే చోటే ఆ పిలుపు పెట్టాలి. పేరని తెలిసిపోతుంది.

గీతలపంతులు:
కౌగిలి దగ్గర ప్లేటు గారి మాట ఒప్పుకుంటున్నా. డబ్బింగ్ సంగతి నాకు తట్టలేదు, 'రమ్మో' అద్భుతంగా ఉంది. కానీ ఆగడం గురించి నా మాట అలాగే ఉంది. ఆపవచ్చు అన్నారు, ఆపారా అనేది ప్రశ్న. నిజం చర్మం పెట్టి అంత ఖర్చయ్యాక, దాన్ని కదలకుండా రెండు సెకన్లు నిలబెట్టడానికి నిర్మాతలకి మనసొప్పదు. ఆ రకంగా బొచ్చే ఆపనివ్వదు.

లడ్డూ_బలం:
అడ్డొస్తున్నందుకు క్షమించండి. జంతువు కాకుండా హీరోనే మనిషైతే? ఛోటా భీమ్ మన హైదరాబాద్ గ్రీన్ గోల్డ్ వాళ్లది, 2008 నుంచి పోగోలో వచ్చింది. 2012 దమ్యాన్ యానిమేషన్ కథనే రాజీవ్ చిలక 2024లో నిజం నటులతో తీశారు. అక్కడ ఈ చర్చ పనికొస్తుందా?

పాతరీలు:
పనికొస్తుంది, కాకపోతే ప్రశ్న మారుతుంది. మనిషి పాత్రలో చిక్కు కొలతలది. కార్టూన్ పిల్లాడి తల ఒంటితో పోలిస్తే చాలా పెద్దది, నిజం పిల్లాడికి అలా ఉండదు. కాబట్టి అతిశయాన్ని ఎక్కడో ఒక్కచోట పెట్టి మిగతాది వదిలేయాలి. 1980 పొపాయ్‌లో రాబిన్ విలియమ్స్‌కి కృత్రిమ ముంజేతులు తొడిగారు. ఆ చేతులు కనిపిస్తే చాలు, పొపాయే. 1994 ఫ్లింట్‌స్టోన్స్‌లో నటుల జోలికి పోకుండా అతిశయాన్ని వస్తువుల్లో పెట్టారు, రాతి ఇళ్లు, రాతి సామాన్లు, హెన్సన్ క్రియేచర్ షాప్ చేసిన మరజంతువులు. జాన్ గుడ్‌మన్ తన మామూలు ఒంటితోనే ఫ్రెడ్ అయిపోయాడు. భీమ్‌కైతే ఆ ఒక్కచోటు లడ్డూ తినే క్షణం. తినకముందు మామూలు పిల్లాడి బరువు, తిన్నాక వేరే బరువు. ఆ తేడా శరీరంలో కనిపించేలా తాళ్లు కట్టి లాగితే చాలదు, పిల్లాడు కాలు ఆనించే తీరు మార్చాలి.

ప్లేటు_లెక్క:
ఈ మాటే స్కూబీకీ వర్తిస్తుంది. ఆ సినిమాలో అతిశయం మోసింది కుక్క ఒక్కటే కాదు, షాగీ వేషం వేసిన మాథ్యూ లిలార్డ్ కూడా. మోకాళ్లు వంచి, మెడ ముందుకి చాచి, గొంతు మాట మధ్యలో విరిచి, మనిషై ఉండి సగం దూరం కార్టూన్ వైపు నడిచాడు. కుక్క సగం దూరం మనుషుల వైపు వచ్చింది. ఇద్దరూ మధ్యలో కలిశారు. 1969 నుంచి షాగీకి గొంతిచ్చిన కేసీ కేసమ్ 2009లో విరమించుకున్నాక, కార్టూన్లలో ఆ గొంతు లిలార్డ్‌కే ఇచ్చారంటే అతను ఎంత సరిగ్గా పట్టుకున్నాడో చూడండి. చార్మినార్ తమ్ముడూ, 2021 సినిమాలో నాకు లోటనిపించేది ఇదే. గీత తన వేగంతో పోతుంది, మనుషులు మామూలు కామెడీ వేగంలో ఉండిపోతారు. కొట్లాట దాటిపోయాక గానీ వాళ్ల ముఖంలో ఆశ్చర్యం రాదు. టామ్ ఎక్కడ తిరుగుతాడో చూపించేవాడు సెట్‌లో అసలు వేగంతో పరుగెత్తాలి, నెమ్మదిగా నడిచి చూపిస్తే నటుల తలలు కూడా నెమ్మదిగానే తిరుగుతాయి.

ఇంకోటి. స్కూబీకి పనిచేసిన ఎఫెక్ట్స్ సంస్థ రిథమ్ అండ్ హ్యూస్‌కి తర్వాత మన హైదరాబాద్‌లోనూ శాఖ ఉండేది. 2013 ఫిబ్రవరిలో, తాము పనిచేసిన లైఫ్ ఆఫ్ పై సినిమాకి ఆస్కార్ రావడానికి కొద్ది రోజుల ముందు, ఆ సంస్థ దివాలా తీసింది. ఇంత పని తెలిసినవాళ్ల గురించి మాట్లాడేటప్పుడు 'సీజీ బాలేదు' అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. ఏ షాట్, ఏ ఫ్రేమ్, నీడా, కన్నా, పాదమా అని చెప్పండి.

చార్మినార్_రీల్:
మనుషులు నెమ్మది అన్న మాట ఒప్పుకుంట అన్నా. కానీ అది గీత తప్పు కాదు. నువ్వు పంతులుకు చెప్పిన జవాబే నీకు నేను చెప్తున్న, నిర్ణయం తప్పు, పద్ధతి కాదు.

ప్లేటు_లెక్క:
సరే, అది న్యాయమే. అయితే పంతులు గారికి ఒక్క సీను. విమానంలో స్కూబీ ముసలావిడ వేషం వేసుకుని కూర్చుంటుంది, తోటి ప్రయాణికులు నిజంగానే ముసలావిడ అనుకుంటారు. అక్కడ గీతబొమ్మని కూర్చోబెడితే ఆ జోక్ చచ్చిపోతుంది. గీతని గీత అని అందరూ చూస్తారు, వేషానికి అర్థమేముంది? చర్మం, గౌను, సీటు బెల్టు అన్నీ నిజంగా కనిపిస్తేనే 'ఇంత పెద్ద కుక్కని ఎవరూ గుర్తుపట్టట్లేదేంటి' అని నవ్వొస్తుంది.

గీతలపంతులు:
ఆ సీను నా వాదనకి అడ్డమే, కాదనను. మళ్లీ మ్యూట్‌లో పెట్టి చూస్తా. స్కూబీ సీట్లో కదలకుండా ఎన్ని ఫ్రేములు ఉంటాడో లెక్కపెట్టి ఆ అంకె ఇక్కడే రాస్తాను. అప్పుడు ఆగడం సంగతి తేల్చుకుందాం.