అన్నపూర్ణ యాత్రకు పిల్లల సంచి ఎవరు సర్దాలి?

మియాపూర్ అమ్మ

దసరా సెలవుల్లో మా అబ్బాయి నేపాల్‌లోని అన్నపూర్ణ బేస్ క్యాంపుకు వెళ్తున్నాడు. వాడికి పదహారేళ్లు. జట్టులో పద్నాలుగు నుంచి పదిహేడేళ్ల పిల్లలు పన్నెండు మంది, వెంట ముగ్గురు పెద్దలు. ఢిల్లీ మీదుగా కాఠ్మాండూ, అక్కడి నుంచి పోఖరా, ఆ తర్వాత నడక.

నిన్న తల్లిదండ్రులను పిలిచి నిర్వాహకులు ఒక నియమం చెప్పారు. పెద్ద సంచి తొమ్మిది కిలోలు దాటకూడదట. దాన్ని పిల్లలే సర్దుకోవాలట, మేము చేయి పెట్టకూడదట. బరువు సంగతి అర్థమైంది కానీ రెండో మాట నాకు మింగుడు పడలేదు. మా వాడు అమ్మమ్మగారి ఊరికి వెళ్లినా తువ్వాలు మరిచిపోతాడు. 4,130 మీటర్ల ఎత్తున, రాత్రి నీళ్లు గడ్డకట్టే చోట, మరిచిపోయిన ఉన్ని టోపీ కోసం ఎవరిని అడుగుతాడు? తప్పులు చేస్తేనే నేర్చుకుంటారు అన్నారు. నేర్చుకోవడానికి ఆ చోటే దొరికిందా? పిల్లల్ని పంపినవారు, స్వయంగా వెళ్లివచ్చినవారు చెప్పండి.

గోదారి గట్టు

మీ భయం న్యాయమైనదే అమ్మా. నేనైతే ఆ నియమాన్ని ఒప్పుకోను. ఇద్దరు ఆడపిల్లల తండ్రిని. పెద్దమ్మాయి ఇలాంటి యాత్రకే వెళ్లినప్పుడు రెండు రాత్రులు కూర్చుని నేనే సర్దాను. ఒక్కటీ తక్కువ పడలేదు. బాధ్యత నేర్పడానికి ఇంట్లో ఏడాది పొడవునా అవకాశాలున్నాయి. మంచు కొండ మీద పాఠం చెప్పనక్కరలేదు.

కొండదారి

ఆరేళ్లుగా పిల్లల జట్లను హిమాలయాలకు తీసుకెళ్తున్నాను. ఈ నియమం నేనూ పెడతాను, ఎందుకో చెబుతాను.

ఒకసారి ఒక అబ్బాయి వచ్చాడు. వాళ్లమ్మగారు ఎంత ముచ్చటగా సర్దారంటే, ప్రతి జత బట్టలకూ ఒక కవరు, దాని మీద రోజు పేరు. దారిలోని ఛోమ్రోంగ్ గ్రామం దాటి, రాతి మెట్లు దిగి మళ్లీ ఎక్కుతుండగా వాన పట్టుకుంది. రెయిన్‌కోటు పెద్ద సంచిలో ఉంది. పెద్ద సంచి భరియా వీపు మీద, మాకంటే గంటన్నర ముందు వెళ్లిపోయింది. భరియా అంటే అక్కడ సామాను మోసే మనిషి. అబ్బాయి వీపు మీద ఉన్న చిన్న సంచిలో బిస్కెట్లు, ఫోను, దుప్పటి లాంటి ఒక తువ్వాలు ఉన్నాయి. వేసుకున్నది నూలు చొక్కా, జీన్సు. నూలు నీళ్లు పీల్చుకుంటే ఇక ఆరదు, ఒంట్లో వేడినంతా లాగేస్తుంది. వాన పావుగంటలో ఆగింది, వణుకు మాత్రం మజిలీ చేరేదాకా ఆగలేదు. నా జాకెట్ వాడికి ఇచ్చి నడిపించాను.

అంతకంటే బాధ కలిగించిన సంగతి ఇంకోటి ఉంది. మందంగా ఉండే ఉన్ని స్వెట్టరు తన సంచిలో ఉందని వాడికి తెలియదు. రెండు రాత్రులు చలికి ముడుచుకుని పడుకున్నాడు. తిరుగు ప్రయాణంలో సంచి బోర్లిస్తే అడుగున దొరికింది, "శుక్రవారం" అని రాసి ఉన్న కవరులో.

సంచిలో వస్తువు ఉండటం వేరు, అది ఎక్కడుందో చీకట్లో చేతికి తెలియడం వేరు. తలలైటు వెలుగులో, వేళ్లు కొంకర్లు పోతున్నప్పుడు, ఎవరి చేయి పెట్టిందో ఆ చేతికే దొరుకుతుంది.

గోదారి గట్టు

మీ అనుభవాన్ని కాదనను. కానీ అందులో తప్పు తల్లి సర్దడం కాదు, రెయిన్‌కోటు చిన్న సంచిలో ఉండాలని ఆమెకు ఎవరూ చెప్పకపోవడం. ఆ మాట చెప్పి ఉంటే ఆమె పెట్టేది. పిల్లవాడే సర్దుకుని రెయిన్‌కోటు ఇంట్లోనే వదిలేసి వచ్చి ఉంటే మీ జాకెట్ అప్పుడూ వాడికే ఇచ్చేవారు కదా?

కొండదారి

ఇచ్చేవాణ్ణే. కాకపోతే ఇంట్లో వదిలేస్తే బయలుదేరే ముందే తెలిసిపోతుంది. వారం ముందు పిల్లలందరినీ కూర్చోబెట్టి సంచులు నేల మీద గుమ్మరించమంటాను. ఒక్కొక్కటి చేత్తో ఎత్తి చూపించి మళ్లీ వాళ్లే సర్దాలి. అప్పుడు తక్కువ పడినవి కొనుక్కోవడానికి ఇంకా వారం ఉంటుంది. పిల్లల్ని గాలికి వదిలేయమని నేనెప్పుడూ అనలేదు.

నిజామాబాదు మాస్టారు

మా జిల్లా పాకాల గ్రామం పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ శిఖరం మీద నిలబడింది. అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. ఖమ్మం జిల్లా నుంచి ఆనంద్ కుమార్ కూడా ఆమెతో పాటు ఎక్కాడు. ఇద్దరూ గురుకులాల్లో చదువుకున్న పిల్లలు. వాళ్ల మూటలు అమ్మానాన్నలు సర్ది ఉండరు. మనం మన పిల్లల్ని తక్కువ అంచనా వేస్తున్నాం.

గోదారి గట్టు

మాస్టారూ, పూర్ణ పేరు వింటే నాకూ ఒళ్లు పులకరిస్తుంది. కానీ ఆ పిల్లలు నేరుగా వెళ్లి ఎక్కలేదు. భువనగిరి రాతి గుట్ట మీద శిక్షణ, తర్వాత డార్జిలింగ్‌లో, ఆపైన లడఖ్ చలిలో. నెలల తరబడి తర్ఫీదు పొందారు, పక్కన శిక్షకులు ఉన్నారు. ట్యూషన్ నుంచి ట్యూషన్‌కు తిరిగే మన పిల్లలకు నెల రోజుల నోటీసు ఇచ్చి, పూర్ణను చూపించి సంచి నువ్వే సర్దుకో అనడం ఆమెకూ అన్యాయమే, వీళ్లకూ అన్యాయమే.

నిజామాబాదు మాస్టారు

తర్ఫీదు మాట నిజం, ఒప్పుకుంటున్నాను. అయితే ఆ నెల రోజులనైనా వాడుకోమనండి. రోజూ అపార్ట్‌మెంటు మెట్లు ఎక్కి దిగాలి, అదీ కొత్త బూట్లతో. ఆదివారం అనంతగిరికో భువనగిరికో వెళ్లాలి, వీపున అదే చిన్న సంచి ఉండాలి. బూట్లు ఇక్కడే కాలికి అలవాటు కావాలి. విమానం ఎక్కే ముందు రోజు కొన్న బూట్లు మూడో రోజుకు మడమలు కొట్టేస్తాయి. మోకాళ్లకు ఎక్కడం కంటే దిగడమే కష్టం, అందుకే దిగేటప్పుడు లిఫ్టు వాడవద్దు.

పోఖరాలో తెలుగువాడు

ఇక్కడ ఉద్యోగరీత్యా చాలా కాలంగా ఉంటున్నాను. ఇంతమంది మాట్లాడారు కానీ తొమ్మిది కిలోలు ఎందుకో ఎవరూ అడగలేదు. ఆ సంచి మీ పిల్లవాడు మోయడు. రెండు సంచులు కలిపి తాడుతో కట్టి, నుదుటికి పట్టీ తగిలించుకుని ఒక మనిషి మోస్తాడు. అంటే రెండు తొమ్మిదులు పద్దెనిమిది, పైన తన సామాను. తల్లులు ప్రేమతో పెట్టే ఒక్కొక్క కిలో అతని మెడ మీద రెండవుతుంది. మీరు వచ్చేది మన దసరాకు. ఇక్కడ అదే దశాయిన్, వీళ్లకు ఏడాదిలో అతి పెద్ద పండుగ. అందరూ సొంతూరికి చేరి పెద్దల చేత నుదుట టీకా అనే బొట్టు పెట్టించుకునే రోజులు. ఆ రోజుల్లో ఇల్లు వదిలి మన పిల్లల సామాను ఎత్తుకునే మనిషిని తలుచుకుని సంచి కట్టండి.

ఇంట్లో అమ్మానాన్నలు సర్దిన సంచి ఎప్పుడూ బరువే. నేను చూసిన సంచుల్లో ఇస్త్రీ చేసిన చొక్కాలు ఆరు, షాంపూ పెద్ద సీసా, నెయ్యి డబ్బా, ఒకసారి చిన్న ప్రెషర్ కుక్కర్ కూడా. దారి పొడవునా లాడ్జీల్లో అన్నం, పప్పు, కూర, ఆకుకూర దొరుకుతాయి. దాల్ భాత్ అడిగితే సాధారణంగా రెండోసారి, మూడోసారి కూడా వడ్డిస్తారు. తెలుగు నోటికి అదేమీ పరాయి తిండి కాదు.

మియాపూర్ అమ్మ

మీ మాట చదివాక లేచి వెళ్లి అల్మారాలో దాచిన మూట తూచాను. కందిపొడి, కరివేపాకు పొడి, ఆవకాయ, జంతికలు, సున్నుండలు. మూడు కిలోల నాలుగు వందలు. అది ఇంకో మనిషి మెడ మీదకు వెళ్తుందని నాకు తట్టనే లేదు. సిగ్గుగా ఉంది.

అయినా నా ప్రశ్న అలాగే ఉంది. వాడికి చిన్నప్పటి నుంచి చలికాలంలో ఆయాసం వస్తుంది. ఇన్‌హేలర్ కూడా వాడినే పెట్టుకోమని వదిలేయాలా?

పిల్లల డాక్టరు

వదిలేయకూడదు. నేను రెండు పక్షాలకూ పూర్తిగా చెందను. అమ్మా, ముందుగా ఆయాసం సంగతి నిర్వాహకులకు రాతపూర్వకంగా చెప్పారా? పిల్లవాణ్ణి వద్దంటారేమోనని దాచే తల్లిదండ్రులను చాలామందిని చూశాను. అంతకంటే ప్రమాదం మరొకటి లేదు. రెండు ఇన్‌హేలర్లు పంపండి, ఒకటి వాడి జేబులో, ఒకటి జట్టు నాయకుడి దగ్గర. వెళ్లే ముందు మీ వైద్యుడికి చూపించండి.

సంచి కంటే ముందు అడగవలసింది ఏ రాత్రి ఎక్కడ పడుకుంటారు అని. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదన్నది పర్వత వైద్యంలో అందరూ పాటించే సూత్రం. దారిలోని మజిలీ దేవరాలి సుమారు 3,230 మీటర్లు, బేస్ క్యాంపు 4,130. ఒకే రోజున ఎక్కిస్తే తొమ్మిది వందలు పెరుగుతుంది. నడుమ 3,700 దగ్గర మఛ్ఛపుఛ్ఛ్రే బేస్ క్యాంపులో ఒక రాత్రి ఆగితే సరిపోతుంది. సెలవులు తక్కువని ఆ రాత్రిని కోసేసే జట్లు ఉన్నాయి. మీ వాళ్ల ప్రణాళిక చూడండి. మన ఆంధ్ర కొండల్లో ఎంత ఎత్తైనదీ 1,700 మీటర్లు దాటదు కనుక ఈ ఎత్తుకు ఒంటిని ఇక్కడ అలవాటు చేయలేం. మెట్లు ఎక్కితే కాళ్లు గట్టిపడతాయి, ఎత్తు మాత్రం బలమైన పిల్లవాడినీ వదలదు.

ఎత్తు పడకపోతే కనిపించేవి తలనొప్పి, అన్నం సహించకపోవడం, వాంతి, నీరసం. ఇవి కనిపిస్తే ఆ రోజు పైకి వెళ్లకూడదు, తగ్గకపోతే కిందికి దిగాలి. దిగడమే అసలు మందు. ఎత్తు జబ్బు రాకుండా వాడే ఎసిటజోలమైడ్ మాత్రలు ఎవరో చెప్పారని ఇచ్చి పంపకండి. సల్ఫా మందులు పడనివారు ముఖ్యంగా వైద్యుణ్ణి అడగాలి. జట్టు వెనకబడుతుందని తలనొప్పిని దాచవద్దని మీ అబ్బాయికి మీరే చెప్పండి, ఆ మాట అమ్మ నోట వింటే వాడికి ధైర్యం.

గోదారి గట్టు

పడుకునే ఎత్తు సంగతి నాకు తెలియదు. పెద్దమ్మాయి వెళ్లినప్పుడు అడగనే లేదు. రెండు రాత్రులు మేజోళ్లు లెక్కపెట్టాను కానీ ఈ ఒక్క ప్రశ్న అడగలేకపోయాను. డాక్టరు గారూ, కృతజ్ఞతలు. సంచి విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు.

వెళ్లివచ్చిన అమ్మాయి

నాకు పదిహేడేళ్లు, పోయిన ఏడాది వెళ్లాను. గోదారి గట్టు అంకుల్, కోపగించుకోరంటే ఒక మాట. నా సంచి కూడా నాన్నే సర్దారు. చాలా ప్రేమగా సర్దారు. శానిటరీ ప్యాడ్లు పెట్టడం ఆయనకు తోచలేదు, ఆయన ముందు అడగడానికి నాకు నోరు రాలేదు. దారిలో అనుకున్న తేదీకంటే ఐదు రోజులు ముందే వచ్చింది. వెంట వచ్చిన మేడం దగ్గర ఉన్నాయి కనుక గడిచింది. నేనే సర్దుకుని ఉంటే అవి చిన్న సంచిలో, పైనే ఉండేవి. వాడినవి తిరిగి తెచ్చుకోవడానికి మూత బిగుసుకునే సంచి ఒకటి కూడా పెట్టుకునేదాన్ని, ఎందుకంటే పైన పారేసే చోటు ఉండదు.

ఇంకో సంగతి. రాత్రి ఫోనును, పవర్ బ్యాంకును స్లీపింగ్ బ్యాగులోనే పెట్టుకోవాలి, చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. విమానంలో పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి. మా జట్టులో ఒకరి పెద్ద సంచిని విమానాశ్రయంలో దీని కోసమే విప్పించారు.

గోదారి గట్టు

కోపం లేదమ్మా. నువ్వు చెప్పింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మా పెద్దమ్మాయికి ఏం జరిగిందో నేను అడగలేదు. రేపు వాళ్లమ్మను అడగమంటాను.

కొండదారి

ఒక్క మినహాయింపు నేనూ ఇస్తాను. కాగితాలు పెద్దలవే. నేపాల్‌కు మనకు వీసా అక్కరలేదు, కానీ పదిహేనేళ్లు నిండిన పిల్లలకు ఆధార్ ఒక్కటే చాలదు. పాస్‌పోర్టు ఉంటే చింత లేదు. లేకపోతే నిర్ణీత నమూనాలో పాఠశాల ప్రిన్సిపాల్ ఇచ్చే గుర్తింపు పత్రం కావాలి. బీమా పత్రం కూడా చదవండి, ఎన్ని మీటర్ల ఎత్తు వరకు వర్తిస్తుందో, హెలికాప్టరు ఖర్చు అందులో ఉందో లేదో.

మియాపూర్ అమ్మ

రెండు రోజుల తర్వాత రాస్తున్నాను. నిర్వాహకులకు ఫోను చేశాను. ఆయాసం గురించి రాసి పంపాను. మఛ్ఛపుఛ్ఛ్రే బేస్ క్యాంపులో రాత్రి ఆగడం వాళ్ల ప్రణాళికలో లేదు. మిగతా తల్లిదండ్రులతో కలిసి అడిగాం, పోఖరాలో తిరిగే రోజును తగ్గించి ఆ రాత్రిని కలుపుతామన్నారు.

నిన్న రాత్రి మా వాడు హాలు మధ్యలో సంచి గుమ్మరించాడు. నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను, చేతులు కట్టుకుని. జీన్సు రెండు పెట్టాడు, తీసేశాడు. ఉన్ని మేజోళ్లు మూడు జతలు పెట్టాడు. ఉన్ని టోపీ మరిచిపోయాడు. నేను నోరు తెరిచేలోగా "అమ్మా, టోపీ ఏదీ?" అన్నాడు. ఎనిమిది కిలోల రెండు వందలు తేలింది. పొడుల మూట వాడి ముందు పెట్టి, ఇది ఎవరు మోస్తారో చెప్పాను. కాసేపు ఆలోచించి కందిపొడి చిన్న డబ్బా ఒకటి తీసుకుని వీపు సంచిలో వేసుకున్నాడు. ఇది నేనే మోస్తాను అన్నాడు.

గోదారి గట్టు

తలలైటుకు అదనపు బ్యాటరీలు పెట్టుకున్నాడా?

మియాపూర్ అమ్మ

లేదు. ఇప్పుడే అడిగాను, రేపు సాయంత్రం కొనుక్కుంటానన్నాడు.