మెల్‌బోర్న్: మా పేటలోని పాత బౌల్స్ క్లబ్ కొత్తవాళ్లను రమ్మంటోంది, ఏం తెలుసుకుని వెళ్లాలి?

కొత్త_బౌలర్:
క్లబ్ గేటు దగ్గర బోర్డు పెట్టారు: శనివారం పొద్దున ఎవరైనా రావచ్చు, లాన్ బౌల్స్ (పచ్చిక మీద పెద్ద బంతుల్ని ఒక చిన్న బంతికి దగ్గరగా దొర్లించే ఆట) నేర్పుతాం అని. నేను, మా ఆవిడ, పదకొండేళ్ల పాప వెళ్దామనుకుంటున్నాం. బౌల్స్, అంటే ఆ పెద్ద బంతులు, ముందే కొనాలా? తెల్ల బట్టలే వేసుకోవాలా? బంతి వంకర తిరుగుతుందట కదా, స్పిన్‌లాగా మణికట్టు తిప్పాలా?

డిచ్_పక్కన:
ఇప్పుడే ఒక్క డాలరు కూడా పెట్టకండి. పాత క్లబ్బుల్లో కొత్తవాళ్ల కోసం సెట్లు ఉంటాయి. సెట్ అంటే నాలుగు బౌల్స్. సైజులు 00 నుంచి 5 దాకా. మీ సైజు తెలియాలంటే బౌల్ నడుము చుట్టూ రెండు చేతులూ వేసి పట్టుకోండి. ఇటు బొటనవేళ్లు రెండూ, అటు మధ్యవేళ్లు రెండూ ఒకదానికొకటి తగిలితే అది మీకు సరిపోయినట్టే. మగవాళ్లు పంతానికి పెద్దది తీసుకుంటారు. వదిలేటప్పుడు అది చేతిలోంచి జారి, దారంతా ఊగుతూ పోతుంది. పాపకి 00 ఇమ్మనండి.

బూట్లు మాత్రం చూసుకోండి. మడమ లేకుండా, అడుగు పూర్తిగా చదునుగా ఉండాలి. అడుగున గాడులున్న రన్నింగ్ షూస్‌తో గ్రీన్ (ఆడే పచ్చిక) ఎక్కనివ్వరు. నేర్చుకునేటప్పుడు ఏ బట్టలైనా ఫరవాలేదు, క్లబ్ చొక్కా సంగతి పెనెంట్ (క్లబ్బుల మధ్య పోటీ) మ్యాచ్‌లకి పేరిచ్చినప్పుడు చూసుకోవచ్చు.

మణికట్టు అస్సలు తిప్పొద్దు. బౌల్ లోపల బరువేమీ పెట్టరు, దాని ఆకారమే ఒక పక్కకి మళ్లేలా చెక్కి ఉంటుంది. దాన్నే బయాస్ అంటారు. రెండు పక్కలా గుర్తులుంటాయి: ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. చిన్న గుర్తు ఎటుంటే బౌల్ అటు తిరుగుతుంది. కుడిచేత్తో ఫోర్‌హ్యాండ్ (కుడిపక్కకి వదిలి లోపలికి మళ్లించేది) వేస్తే చిన్న గుర్తు ఎడమకి, అంటే చిటికెనవేలి వైపుకి. బ్యాక్‌హ్యాండ్‌కి (ఎడమపక్కకి వదిలేది) కుడివైపుకి. వేసే ముందు ప్రతిసారీ చూసుకోండి. మరిచిపోతే బౌల్ నేరుగా పక్క రింక్‌లో (గ్రీన్‌లో ఒక్కో ఆటకి కేటాయించిన పట్టీ) ఆడేవాళ్ల కాళ్ల మధ్యకి పోతుంది. అక్కడే ఆగిపోతే అది డెడ్, అంటే లెక్కలోకి రాదు.

స్కిప్_బాబాయ్:
పైన చెప్పింది కరెక్టే. వేసే పద్ధతి గురించి రెండు ముక్కలు.

జాక్‌ని (గురిగా పెట్టే చిన్న బంతి) చూసి వేయొద్దు. బౌల్ మొదట్లో దాదాపు సూటిగా పోయి, వేగం తగ్గేకొద్దీ ఎక్కువ మళ్లుతుంది. కాబట్టి జాక్‌కి బాగా పక్కన ఏదో ఒక గుర్తు, గట్టు మీద మచ్చయినా సరే, పెట్టుకుని దాని వైపు వేయండి. జాక్ దగ్గరికి అదే వస్తుంది.

గ్రీన్ వేగాన్ని సెకన్లలో చెబుతారు. బౌల్ 27 మీటర్లు పోయి ఆగడానికి పట్టే టైమ్ అది. ఇక్కడే కొత్తవాళ్లు తికమకపడతారు: ఎక్కువ సెకన్లు పట్టేదే ఫాస్ట్ గ్రీన్! నున్నటి గ్రీన్ మీద మెల్లగా వదిలినా చాలు, దొర్లుతూనే ఉంటుంది, అందుకే టైమ్ ఎక్కువ. అంతసేపు దొర్లితే వంపూ పెరుగుతుంది. ఇంగ్లండులో 10-12 సెకన్ల స్లో గ్రీన్ మీద నేర్చుకున్నవాళ్లు ఇక్కడికొచ్చి మొదటి రోజు జాక్‌కి చాలినంత పక్కగా వేయరు, బౌల్స్ అన్నీ జాక్‌ని దాటి అవతలి పక్కకి కోసుకుపోతాయి.

ఆట మొదట్లో దొర్లించే జాక్ మ్యాట్ (నిలబడి వేసే చాప) గీత నుంచి కనీసం 23 మీటర్లు పోవాలి. ఎదుటివాళ్ల దగ్గరి బౌల్ కన్నా మీవి ఎన్ని జాక్‌కి దగ్గరగా ఉంటే అన్ని షాట్లు (పాయింట్లు). వేస్తుండగానే జాక్‌ని తాకిన బౌల్‌కి సుద్ద గీస్తారు, అది డిచ్‌లో (గ్రీన్ అంచున ఉండే కాలువ) పడినా లెక్కలోనే ఉంటుంది. మిగతావి పడితే పోయినట్టే. అయినా సరే, ముందే ఆగిపోయే బౌల్ కన్నా ఒక అడుగు దాటిందే మేలు. జాక్ ఎప్పుడు కదిలినా ఎక్కువగా వెనక్కే పోతుంది.

కొత్త_బౌలర్:
థాంక్సండీ. మా ఆవిడకి మోకాళ్ల నొప్పులు, వంగలేదు. ఇంకోటి, ఇది ముసలాళ్ల ఆట అంటున్నారే?

డిచ్_పక్కన:
2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ గేమ్స్‌లో మన ఇండియా ఆడవాళ్ల ఫోర్స్ (నలుగురి) జట్టు ఫైనల్లో సౌతాఫ్రికాని 17-10తో ఓడించి గోల్డ్ తెచ్చింది. ఆ మ్యాచ్ చూపించండి వాళ్లకి. క్రికెటర్ డబ్ల్యూ. జి. గ్రేస్ కూడా 1903లో ఇంగ్లిష్ బౌలింగ్ అసోసియేషన్‌కి మొదటి ప్రెసిడెంటయ్యాడు. అప్పటికి ఆయన వయసు యాభై దాటిందిలెండి, అది వేరే సంగతి.

మోకాళ్లకి బౌలింగ్ ఆర్మ్ అడగండి. కర్ర చివర బౌల్‌ని పట్టుకునే పట్టు ఉంటుంది, నిలబడే వేయొచ్చు. ఒక పాదం పూర్తిగానో కొంతో మ్యాట్ మీద, లేదా దాని పైన గాల్లో ఉంటే చాలు. బౌల్‌ని ఎత్తు నుంచి ధబ్బున పడేయొద్దని మాత్రం పాపకి కూడా చెప్పండి, గ్రీన్ గుంట పడుతుంది. గ్రీన్‌కీపర్ కళ్లన్నీ అక్కడే ఉంటాయి.

స్కిప్_బాబాయ్:
మొదటి గంట ఫోర్‌హ్యాండే వేయండి, రెండు పక్కలా మార్చొద్దు. నీళ్లూ టోపీ మరిచిపోకండి, గ్రీన్ మీద నీడ ఉండదు.