రౌటర్‌లో 3389 తెరిచినా రిమోట్ డెస్క్‌టాప్ కలవడం లేదు

ప్రశ్న:
విజయవాడ షాపులో టాలీ నడిచే డెస్క్‌టాప్ ఉంది, విండోస్ 11 ప్రో. షాపు వైఫైలో ఉన్న ల్యాప్‌టాప్ నుంచి రిమోట్ డెస్క్‌టాప్ (ఒక కంప్యూటర్‌ని ఇంకోదాని నుంచి తెరిచి వాడుకునే విండోస్ సదుపాయం) బాగానే వస్తోంది. రౌటర్‌లో అది వాడే 3389 పోర్ట్‌ని డెస్క్‌టాప్ లోకల్ ఐపీ 192.168.1.20కి ఫార్వర్డ్ చేశాను, అంటే బయటి నుంచి వచ్చే రిక్వెస్ట్ దానికి వెళ్లేలా పెట్టాను. హైదరాబాద్ నుంచి మాత్రం ఎంతసేపు చూసినా కనెక్ట్ కావట్లేదు. ఫైర్‌వాల్ ఆపినా అంతే. తప్పు ఎక్కడుందండీ?

జవాబు 1:
లోపలి నుంచి వస్తోందంటే కంప్యూటర్‌లో తేడా లేనట్టే. ముందు ఫైర్‌వాల్ మళ్లీ ఆన్ చేయండి.

రౌటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ (రౌటర్‌కి ఇంటర్నెట్ వైపు ఉండే అడ్రస్) ఎంతుందో చూడండి. షాపు నెట్‌లోనే ఉండి గూగుల్‌లో ‘వాట్ ఈజ్ మై ఐపీ’ అని కొడితే వచ్చే నంబర్‌తో పోల్చండి. రెండూ ఒకటైతేనే ఫార్వర్డింగ్ పనిచేస్తుంది. వాన్ ఐపీ 100.64 నుంచి 100.127 లోపు ఉంటే మీరు సీజీనాట్ వెనక ఉన్నారు. ప్రొవైడర్ ఒకే పబ్లిక్ ఐపీని చాలా కనెక్షన్లకు పంచుతాడు కాబట్టి బయటి రిక్వెస్ట్ అక్కడే ఆగిపోతుంది, మీ రౌటర్ దాకా రాదు. 192.168తో మొదలైతే మీ రౌటర్ ముందున్న ఫైబర్ డబ్బా కూడా రౌటర్‌లా పనిచేస్తోందన్నమాట. దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మానేసి కనెక్షన్‌ని నేరుగా మీ రౌటర్‌కి అందించేలా) పెట్టించాలి.

ప్రశ్న అడిగినవారు:
100.72తో మొదలవుతోంది. ప్రొవైడర్ దగ్గర స్టాటిక్ ఐపీ (మారకుండా మనకే ఉండే పబ్లిక్ ఐపీ) తీసుకోమంటారా?

జవాబు 2:
దీనికోసమైతే వద్దు. తీసుకుంటే కలుస్తుంది, కానీ 3389ని నేరుగా ఇంటర్నెట్‌కి తెరిస్తే పాస్‌వర్డ్‌లు ఊహించే బాట్లు రాత్రీపగలూ తలుపు కొడుతూనే ఉంటాయి. 2019 మేలో బయటపడ్డ బ్లూకీప్ లోపంతో విండోస్ 7, ఎక్స్‌పీల్లోకి పాస్‌వర్డే లేకుండా దూరే వీలుండేది. మీ 11కి అది వర్తించదు, అయినా లెక్కలన్నీ ఉన్న మెషీన్‌ని అలా వదలకూడదు. పోర్ట్ 3390కి మార్చినా లాభం లేదు, స్కానర్లు అన్ని పోర్టులూ చూస్తాయి.

టెయిల్‌స్కేల్ వాడండి, అది మీ మెషీన్లను ఇంటర్నెట్ మీదుగా ఒకే ప్రైవేట్ నెట్‌వర్క్‌లో కలిపే వీపీఎన్ యాప్. రెండు మెషీన్లలోనూ వేసి ఒకే అకౌంట్‌తో లాగిన్ అవ్వండి. డెస్క్‌టాప్‌కి 100తో మొదలయ్యే ఐపీ వస్తుంది (ఇదీ ఆ రేంజ్‌లోదే, వాన్ ఐపీతో కలిపేసుకోకండి). రిమోట్ డెస్క్‌టాప్‌లో దాన్నే కొట్టండి. రౌటర్‌లో పెట్టిన ఫార్వర్డ్ రూల్ తీసేయండి.

ఇక్కడ చాలామంది దెబ్బతినేవి రెండున్నాయి. డెస్క్‌టాప్ టెయిల్‌స్కేల్ ప్రిఫరెన్సెస్‌లో ‘రన్ అనటెండెడ్’ టిక్ చేయకపోతే, రీస్టార్ట్ అయ్యాక అక్కడ ఎవరో లాగిన్ అయ్యేదాకా అది నెట్‌వర్క్‌లోకి రాదు. వెబ్‌సైట్‌లోని మెషీన్ల లిస్టులో ఆ డెస్క్‌టాప్‌కి ‘డిసేబుల్ కీ ఎక్స్‌పైరీ’ పెట్టాలి, లేదంటే మామూలుగా 180 రోజులకు లాగిన్ గడువు తీరి తెగిపోతుంది.

జవాబు 3:
పైన చెప్పినవి చేశాక స్లీప్‌ని ‘నెవర్’కి మార్చండి. కరెంటు పోయి వస్తే తనంతట తాను ఆన్ కావాలంటే బయోస్‌లో (విండోస్ మొదలవకముందు తెరుచుకునే సెట్టింగ్స్‌లో) ఏసీ పవర్ లాస్ ఆప్షన్‌ని ‘పవర్ ఆన్’ చేయాలి. డెస్క్‌టాప్‌లో లాగిన్ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో అయితే రిమోట్ డెస్క్‌టాప్ పిన్ ఒప్పుకోదు, పాస్‌వర్డే కొట్టాలి. ఎప్పుడూ పిన్‌తోనే తెరిచే మెషీన్‌లో ముందు అక్కడే కూర్చుని ఒకసారి పాస్‌వర్డ్‌తో లాగిన్ అవ్వండి, లేకపోతే సరైన పాస్‌వర్డ్ కొట్టినా తప్పంటుంది.

ఇంకో విషయం. మీరు అదే యూజర్‌తో బయటి నుంచి లోపలికి రాగానే షాపులో స్క్రీన్ లాక్ అయిపోతుంది, ఎందుకంటే ప్రో ఎడిషన్‌లో ఒకసారికి ఒకరే. కౌంటర్‌లో బిల్లు కొడుతున్నవాళ్లు మధ్యలో ఆగిపోతారు. పగటిపూట ఇద్దరూ ఒకే స్క్రీన్ చూడాలంటే క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ పెట్టుకోండి, విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌ని షాపు మూసేశాక వాడుకోండి.