పినిసి పడవల బులుకుంబా: ఏ నెలలో వెళ్లాలి, ఎక్కడ చూడాలి?

భీమిలి తెరచాప:
ఇండోనేషియాలో దక్షిణ సులావేసిలోని బులుకుంబా జిల్లాకి విశాఖ నుంచి నలుగురం మే నెలాఖరుకి వెళ్దామనుకుంటున్నాం. ముఖ్యంగా పినిసి అనే చెక్క తెరచాప పడవల తయారీ చూడాలి. అక్కడి పెద్ద నగరం మకస్సార్‌లో అప్పటికి వానలు తగ్గుతాయట, మరి మే ఫర్వాలేదా? బీరా బీచ్‌లో దిగితే చాలా? ఇంకోటి: మన హార్బర్లో చెక్క మరబోటుకి ముందు పక్కటెముకలు నిలబెట్టి, ఆ తర్వాత పలకలు కొడతారు. అక్కడ ఇది తిరగేసి చేస్తారని విన్నాను. ఎలా నిలుస్తుందండీ?

రేవుగాలి:
మే వద్దు. మకస్సార్ లెక్క బులుకుంబాకి చెల్లదు. మధ్యలో 2,800 మీటర్లు దాటిన లొంపొబటాంగ్ కొండ అడ్డం. డిసెంబరు, జనవరి వానలు పడమటి వైపు మకస్సార్‌కి. ఏప్రిల్ దాటాక ఆగ్నేయ గాలి సముద్రపు తేమనంతా తెచ్చి తూర్పు వైపు కుమ్మరిస్తుంది. మే, జూన్‌లలో బులుకుంబాకి గట్టి వానలు. సెప్టెంబరు, అక్టోబరు పెట్టుకోండి.

మకస్సార్ నుంచి రోడ్డున 150 కిలోమీటర్ల పైచిలుకు. దారిలో జెనెపొంటో దగ్గర ఉప్పుమళ్లు కనిపిస్తాయి. బీరాలో ఉన్నది తెల్ల ఇసుక, సెలయార్ దీవికి ఫెర్రీ. పడవలు కట్టేది అంతకు ముందే వచ్చే తానా బేరులో, ఒడ్డున ఇసుకలోనే.

చెక్కసీల:
పడవ సంగతికొస్తే, ముందు అడుగు దూలం, దాని మీద పలక పక్కన పలక. పలక అంచులో వరసగా బెజ్జాలు తొలిచి, ఎండిన గట్టి చెక్కతో చేసిన సీలలు దిగేస్తారు. రెండు అంచుల మధ్య మెత్తటి చెట్టుబెరడు పరిచి, పై పలకని ఆ సీలల మీదకి సుత్తితో దించుతారు. బెజ్జాలు ఒక్క పిసరు తప్పినా పలక చీలుతుంది. సీల పచ్చిదైతే తర్వాత కుంచించుకుపోయి సందు పడుతుంది. ఎండినదైతే నీళ్లు పీల్చి ఉబ్బి బిగుస్తుంది. ఒంపు పలకల్లోనే వచ్చేస్తుంది, పక్కటెముకలు ఆ ఒంపుకి తగ్గట్టు చెక్కి లోపల అమరుస్తారు. కాగితమ్మీద గీత లేకుండా కుదరడానికి కారణం అదే. 2017లో యునెస్కో జాబితాకెక్కింది ఈ పనితనమే.

చిన్న సవరణ: పినిసి అంటే పడవ ఒళ్లు కాదు, తెరచాపల అమరిక. రెండు కొయ్యలు, ఏడు చాపలు. ఇప్పుడు చాలావాటికి ఇంజినే దిక్కు, చాపలు ఫొటోలకి.

భీమిలి తెరచాప:
అయితే సెప్టెంబరే. కలప అక్కడిదేనా?

రేవుగాలి:
పక్కటెముకలకి వాడే బిత్తి కలప చుట్టుపక్కల తగ్గిపోయింది. ఇనుములాంటి ఉలిన్ కాలిమంతాన్ (బోర్నియో దీవి) కలప. అందుకే కొందరు మేస్త్రీలు కలప ఉన్నచోటికే పోయి కడుతున్నారు. పెద్ద ఆర్డర్లన్నీ కొమోడో, రాజా అంపాట్ దీవుల వైపు తిరిగే టూరిస్టు పడవలకే.

చెక్కసీల:
అడుగు దూలం కొసలు కోసే తంతు దొరికితే వదలొద్దు. ముందు కొస ముక్క సముద్రంలోకి, వెనక కొస ముక్క ఇంటికి. ఇదే జిల్లాలో పాత ఆచారాలు పాటించే కజాంగ్ అమ్మతోవ ఊరు కూడా ఉంది. లోపలికి నల్లబట్టలు, ఉత్తకాళ్లు, ఫొటోలు తియ్యనివ్వరు. నల్ల చొక్కాలు ఇక్కడే సర్దుకోండి.