ఎండకాలంలో కుక్క నీళ్లు ముట్టడం లేదు, మజ్జిగ పోయవచ్చునా?

ప్రశ్న (మిర్యాలగూడ): మాది రేకుల ఇల్లు. మా కుక్క బరువు సుమారు 12 కిలోలు. రోహిణి కార్తె మొదలైనప్పటి నుండి అది పగటిపూట స్టీలు గిన్నెలోని నీళ్లను వాసన చూసి వెనుదిరుగుతున్నది. ఉల్లిపాయ, ఉప్పు వేసిన మజ్జిగ పోద్దామని మా అమ్మ అంటున్నది. పోయవచ్చునా?

జవాబు (నల్లగొండ): ఆ మజ్జిగ వద్దని అమ్మగారికి చెప్పండి. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తాయి. ఏమీ కలపని పలుచని మజ్జిగ కొద్దిగా పోయవచ్చు కానీ, విరేచనాలైతే మానేయండి.

నా అనుమానమంతా గిన్నె మీదనే. మధ్యాహ్నం రెండు గంటలకు అందులో వేలు పెట్టి చూడండి. నిరుడు మా ఇంట్లో అలా చూస్తే వేలు చురుక్కుమన్నది, ఆ నీళ్లను కుక్క మాత్రం ఎట్లా తాగుతుంది? కుమ్మరి దగ్గర రంగు వేయని వెడల్పాటి మట్టి మూకుడు తెచ్చి, రోజంతా నీడ ఉండే చోట పెట్టాము. మట్టిలోంచి ఊరిన తడి ఆవిరవుతూ ఉంటే లోపలి నీళ్లు చల్లబడతాయి. పాచి పట్టకుండా రోజూ తోమి, రెండు మూడుసార్లు నీళ్లు మార్చండి. మన జిల్లా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి తెలిసిందే కనుక, మీరు తాగే నీళ్లే దానికీ పోయండి.

కిలో బరువుకు రోజుకు 50 నుండి 60 మిల్లీలీటర్ల లెక్కన మీ కుక్కకు ముప్పావు లీటరుకు కొంచెం తక్కువ కావాలి, ఈ ఎండలకు ఇంకా ఎక్కువే పడుతుంది. అన్నం జారుగా కలిపితే అందులోని నీళ్లూ లెక్కకు వస్తాయి.

ప్రశ్న: ఒంట్లో నీరు తగ్గిందని ఎట్లా తెలుస్తుంది?

జవాబు: పెదవి ఎత్తి చిగురును వేలితో నొక్కి వదలండి. తెల్లబడిన చోటు రెండు సెకన్లలో మళ్లీ ఎర్రబడాలి. ఆలస్యమైనా, చిగుళ్లు జిగటగా ఉన్నా, మెడ వెనుక చర్మం లాగి వదిలితే మెల్లగా దిగినా నీరు తగ్గినట్లే. విపరీతంగా రొప్పుతూ తూలుతున్నదంటే వడదెబ్బ అనుకొని, ఒళ్లంతా మామూలు నీళ్లతో తడిపి ఫ్యాను గాలి తగిలేటట్లు చేస్తూ వెంటనే పశువుల దవాఖానకు తీసుకెళ్లండి. నోట్లో బలవంతంగా నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ప్రశ్న: మూకుడు పెట్టాము, తాగుతున్నది. అయితే కోళ్లు అందులోకే దిగి నీళ్లు బురద చేస్తున్నాయి.

జవాబు: కోళ్లకు ఇంకొక మూకుడు పెట్టి, మధ్యలో ఒక రాయి ఉంచండి. అవి అంచున నిలబడే తాగుతాయి.