నిద్ర తగ్గితే షుగర్ పెరుగుతోంది, ఇంకెవరికైనా ఇలా ఉందా?

గచ్చిబౌలి_నైట్‌షిఫ్ట్:
రెండేళ్లుగా రాత్రి డ్యూటీ. ఆఖరి తిండి రెండింటికి, రెండు పుల్కాలు, కూర. పొద్దున ఏడున్నరకి ఇంటికొచ్చి పడుకుంటాను. లేవగానే ఏమీ తినకముందే నాన్నగారి గ్లూకోమీటర్‌తో చూసుకుని నెల రోజులు క్యాలెండర్ మీద రాశాను. ఏడు గంటలు పడుకున్న రోజు 98, 101. నాలుగు గంటలకే మెలకువొచ్చిన రోజు 113, 116. అన్నం మానేసినా ఇదే వరస.

గుంటూరు_సిస్టర్:
ఉందండీ. పన్నెండేళ్లు ఐసీయూలో నైట్లు చేశాను. తెల్లవారుజామున మూడింటికి వేసే ఆకలి వేరు. పెరుగన్నం డబ్బా మూత కూడా తీయబుద్ధి కాదు, చెయ్యి బిస్కెట్ ప్యాకెట్ మీదికే పోతుంది. ఎనిమిది కిలోలు పెరిగాను.

బయోకెమిస్ట్రీ_మాస్టారు:
1999లో షికాగో యూనివర్సిటీ వాళ్లు ఆరోగ్యంగా ఉన్న 11 మంది కుర్రాళ్లని ఆరు రాత్రులు నాలుగేసి గంటలే మంచం మీద ఉండనిచ్చారు. తర్వాత గ్లూకోజ్ ఎక్కించి చూస్తే అది రక్తంలోంచి దిగడం బాగా నెమ్మదించింది. సాయంత్రానికి తగ్గాల్సిన ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ తగ్గలేదు. తమ్ముడూ, మీ క్యాలెండర్‌లో కనిపిస్తున్నది ఈ బాపతే అనుకుంటున్నాను. 2004లో అక్కడే రెండు రాత్రులు నిద్ర తగ్గిస్తే, కడుపు నిండిందని చెప్పే హార్మోన్ లెప్టిన్ 18 శాతం తగ్గింది, ఆకలి పుట్టించే గ్రెలిన్ 28 శాతం పెరిగింది. తీపి మీదికి, పిండివంటల మీదికి మనసు బాగా పోయిందట. సిస్టర్ గారూ, దాన్ని మీ తప్పుగా అనుకోకండి.

విజయవాడ_జిమ్:
నేను ఐదింటికి జిమ్‌కి పోవాలని ఐదు గంటలే పడుకుంటున్నా. బరువైతే తగ్గుతున్నా కదా మాస్టారూ?

బయోకెమిస్ట్రీ_మాస్టారు:
ఏది తగ్గుతోందో చూడాలి బాబూ. 2010లో పది మందికి కొలిచిన తిండి పెట్టి, రెండు వారాలు ఎనిమిదిన్నర గంటలు, ఇంకో రెండు వారాలు ఐదున్నర గంటలు మంచం మీద ఉంచారు. రెండుసార్లూ తగ్గింది దాదాపు మూడు కిలోలే. నిద్ర ఉన్నప్పుడు అందులో కొవ్వు 1.4 కిలోలు, లేనప్పుడు 0.6. మిగతాదంతా కండ, నీరు లాంటి కొవ్వు కాని వాటి నుంచే పోయింది. ఓ గంట ఆలస్యంగా వెళ్లు.

గుంటూరు_సిస్టర్:
తమ్ముడూ, ఇంటి మీటర్ అంకెలతో ఆగకు. ల్యాబ్‌లో హెచ్‌బీఏ1సీ చేయించు, మూడు నెలల సగటు షుగర్ సంగతి తెలుస్తుంది. ఆ క్యాలెండర్ డాక్టర్‌కి చూపించు.

గచ్చిబౌలి_నైట్‌షిఫ్ట్:
శనివారం వెళ్తున్నానక్కా. కిటికీకి నల్ల దుప్పటి కట్టాను, ఫోన్ అమ్మ దగ్గర పెట్టి పడుకుంటున్నాను. నిన్న ఆరున్నర గంటలు నిద్ర పట్టింది. లేచి చూస్తే 102.